గడ్డకట్టిన పల్లీలు

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున మసీదు మైకులో ఎవరో చనిపోయారని చెప్పారు. ఫలానా సాబ్ భార్య ఇంతెకాల్ అయ్యారని, మధ్యాహ్నం నమాజు తర్వాత జనాజా అని. నేను స్కూలుకు నీళ్ల సీసా నింపుకుంటున్నాను. ఆ సాబ్ పేరు నాకు తెలియదు. పాపం ఎవరో అనుకుని సీసా మూత బిగించాను. అప్పుడే నల్లా దగ్గరికి పోయిన అవ్వ, మా అమ్మను నేను అట్లనే పిలుస్తాను, ఖాళీ బకెట్టుతో తిరిగొచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"మన ఖాలా పోయిందే," అన్నది. "నమాజుకని లేసి, కాళ్లు చేతులు కడుక్కుంటా కడుక్కుంటా అట్లనే కూలవడ్డదట. మనం లేవకముందే దవాఖానకు తీస్కపోయిన్రట."

మాది బెల్లంపల్లిలో బొగ్గు గని క్వార్టర్ల వరుస. ఖాలాది మా పక్క క్వార్టర్. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. నేను పుట్టినప్పటి నుంచి ఆమె నాకు ఖాలానే, అంటే పిన్ని. ఆమెకొక పేరుంటుందని, ఎప్పుడో పోయిన ఆమె భర్తకు ఒక పేరుంటుందని నేను ఆలోచించనే లేదు. అందుకే ఊరంతటికీ వినబడేలా మైకులో చెప్పినా, ఆ చెప్పింది ఖాలా గురించేనని నాకు తెలియలేదు.

మీలో ఎవరికీ ఆమె తెలిసి ఉండదు. పేపర్లో రాసేంత పెద్ద పని ఆమె ఏదీ చేయలేదు. పల్లీలకు చాక్లెట్ పూసి, చిన్న చిన్న పొట్లాలు కట్టి, పుట్టినరోజు పిల్లల ఇళ్లకు అమ్మేది. నేను ఇంగ్లీషు మీడియంలో చదువుతాను. ఇంగ్లీషులో అయితే దీన్ని తొందరగా రాసేదాన్ని. కానీ తెలుగులోనే రాయాలి. ఎందుకో చివర చెప్తాను. తప్పులుంటే ఏమనుకోకండి.

మూడేళ్ల కిందట, చలికాలం ఒక ఆదివారం, గోడ అవతలి నుంచి రోకలిబండతో రెండు దెబ్బలు వినబడ్డాయి. అది ఖాలా పిలుపు.

"ఇంగ్లీషు మేడం, జర ఇటు రా. గీ కాయితం ఏమంటున్నదో చెప్పు."

ఆమె కొడుకు కరీంనగర్ నుంచి పెద్ద చాక్లెట్ దిమ్మె తెచ్చిండు. స్కూలు పిల్లలు తన దగ్గర వేయించిన పల్లీలు కొనడం మానేసి చాక్లెట్లు కొంటున్నారని, రెండూ కలిపితే ఎట్లుంటుందని ఆమె ఆలోచన. దిమ్మె చుట్టిన కాగితం మీద ఎట్లా కరిగించాలో ఇంగ్లీషులో ఉంది. నేను చదివి చెప్పాను. ఒక గంజులో వేడినీళ్లు పెట్టి, దాని మీద గిన్నె పెట్టి, ఆ గిన్నెలో చాక్లెట్ వేయాలని. మంట నేరుగా తగలొద్దని.

"అంటే ఆవిరి మీద ఇడ్లీ లెక్కనా?"

"అంతే ఖాలా."

"గదే ముక్క తెలుగుల రాస్తే వాళ్ల చేయి నొస్తదా?"

చాక్లెట్ చక్కగా కరిగింది. అద్దంలా మెరిసింది. వేయించి పొట్టు తీసిన పల్లీలు అందులో పోసిన రెండు నిమిషాలకే అదంతా ఇసుకలా, తారులా ముద్దయిపోయింది. ఇద్దరం బిత్తరపోయి చూశాం. కాగితం మళ్లీ చదివాను, వెనకా ముందూ. అన్నీ సరిగ్గానే చేశాం. చివరకు నేనే అడిగాను, పల్లీలను ఏం చేశావని.

"ఏం చేస్త? వేయించిన. పొట్టు చెరిగిన. కడిగిన."

వేయించిన పల్లీలను ఎవరూ కడగరు. కానీ మా ఊళ్లో కడుగుతారు. మా ఊళ్లో కంచాన్ని అన్నం తినేముందు మళ్లీ కడుగుతాం, కుర్చీని తుడిచి కూర్చుంటాం, దండెం మీది బట్టల్ని దులిపి తొడుక్కుంటాం. అన్నింటి మీదా బొగ్గు దుమ్ము ఉంటుంది. ఇప్పుడు గనులు మూతబడి దుమ్ము తగ్గిందంటారు కానీ చేతులకు ఆ సంగతి తెలియదు. చెరిగిన పల్లీల మీద చాటలో నల్లగా ఏదో కనబడగానే ఆమె చేయి దానంతట అది నీళ్ల చెంబు మీదికి పోయింది. ఆ కాగితం చివరి వరుసలో సన్న అక్షరాలతో ఉన్నది అదే, ఒక్క నీటి బొట్టు తగిలినా చాక్లెట్ పాడవుతుందని. చూడాల్సిన వరుసను నేను రెండుసార్లూ చూడలేదు.

ఖాలా ఆ ముద్దను పాలల్లో వేసి మరగబెట్టి నాకొక గ్లాసు, ఆమెకొక గ్లాసు పోసింది. "నీళ్లకు చాక్లెట్ దుష్మనట. మనకు నీళ్లు లేకుంటే పానమే లేదు. ఎట్ల కుదురుతదో చూద్దాం," అన్నది.

కుదిరింది. ఆ తర్వాత మూడు చలికాలాలు ప్రతి ఆదివారం పొద్దున నేను ఆమె వెనక వరండాలోనే ఉన్నాను. మా వైపు డిసెంబరు, జనవరిలో పొద్దుటి పూట షాబాదు బండ మీద కాలు పెడితే జివ్వుమంటుంది. ఆ చలే మాకు ఫ్రిజ్. ఫ్రిజ్‌లో పెడితే బయటికి తీశాక చెమట పడుతుందని ఆమె ఒప్పుకునేది కాదు. వెడల్పు బేసిన్‌లో పల్లీలు పోసి, ఒక్కో చెంచా చాక్లెట్ వేస్తూ, చాట చెరిగినట్టు బేసిన్‌ను గుండ్రంగా తిప్పుతూనే ఉండాలి. తిప్పుతూ ఉంటే ఒక్కో పల్లీకి పొర పడుతుంది. అది ఆరాక రెండో పొర. తర్వాత మూడోది. మొదట గరగరమని చప్పుడు, చాక్లెట్ పడగానే మెత్తగా, ఆరేకొద్దీ గలగలమని. ఆమె లోపల రొట్టెలు కాలుస్తూ ఆ చప్పుడును బట్టే నాకు చెప్పేది.

"ఇంకో చెంచా ఎయ్యి."

"ఆగు, ఇంక ఆరలే."

"చేయి ఆపకు బేటా. నోరు ఆపినా మంచిదే, చేయి మాత్రం ఆపకు. ఆగితే అన్ని ఒక్కటై కూసుంటయి."

నేను ఇంట్లో ఎక్కువ మాట్లాడను. బడి సంగతులు చెప్పను. బీరువాలో నా బట్టల కింద ఒక నోట్‌బుక్ ఉంది. అందులో ఇంగ్లీషులో రాసుకుంటాను, అవ్వ చదవలేదని. ఖాలా దగ్గర కూడా పెద్దగా మాట్లాడింది లేదు. కానీ అక్కడ మాట్లాడకపోయినా ఎవరూ అడగరు. చేయి తిరుగుతూ ఉంటే చాలు. "పక్కింట్ల పుట్టాల్సిన పిల్ల పొరపాటున మా ఇంట్ల పుట్టింది," అని అవ్వ గోడ ఇవతలి నుంచి అంటే, "గోడే కదా అడ్డం, నూకేద్దాం," అని ఖాలా అవతలి నుంచి అనేది.

ఇక అసలు సంగతి రాయాలి. ఇక్కడి దాకా రాసి రెండు రోజులు ఆగాను.

మొన్న క్రిస్మస్ సెలవుల్లో ఒక పొద్దున నేను బేసిన్ తిప్పుతున్నాను. రెండో పొర పడుతోంది. నాకు తెలిసింది అంతే. ఆ తర్వాత తెలిసింది, నా గడ్డం కింద ఖాలా చేయి ఉందని, పిండి అంటిన చేయి.

"బేటా. అరే బేటా. ఇటు చూడు."

"ఏమైంది?"

"నువ్వు చెప్పు ఏమైందో."

"ఏం కాలే ఖాలా. ఏదో ఆలోచిస్తున్న."

"నాలుగు మాట్ల పిలిచిన. కండ్లు తెరిచే ఉన్నయి. లోపల నువ్వు లేవు." నా ముఖం వదల్లేదు. "చప్పుడు ఆగింది. ఇంత సేపు ఎందుకు ఆగిందని బయటికి వచ్చిన."

బేసిన్‌లోకి చూశాను. పల్లీలన్నీ ఒక్క గడ్డ అయ్యాయి. దాని అంచున నా నాలుగు వేళ్ల గుర్తులు లోతుగా దిగి ఉన్నాయి.

"ఎన్నడు సంది గిట్ల?"

"దసరా సంది."

"ఎన్ని మాట్ల అయింది?"

ఆరు వేళ్లు చూపించాను. అప్పటికి ఆరు. క్లాసులో అయితే టీచర్ నా బల్ల మీద డస్టర్‌తో కొట్టి, ఏ లోకంలో ఉన్నావని అడిగేది. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. నిజంగా ఏదో ఆలోచిస్తున్నానని అనుకోవడమే నాకు మంచిదనిపించేది. ఒకసారి ఇంట్లో చాయ్ గ్లాసు చేతిలోంచి జారింది. అవ్వ తిట్టింది. తిట్టు తిని ఊరుకున్నాను.

"అవ్వకు ఎరుకేనా?"

తల అడ్డంగా ఊపాను.

చెన్నూరులో మా నాయనమ్మ దగ్గర మా మేనత్త ఉంటుంది. చిన్నప్పుడు ఆమెకు ఫిట్స్ వచ్చాయి. ఏడో తరగతిలో బడి మాన్పించారు. పొయ్యి దగ్గరికి రానీయరు, బావి దగ్గరికి రానీయరు, ఒక్కదాన్నే బయటికి పంపరు. ఇంట్లో పెళ్లి జరిగితే వెనక అర్రలో కూర్చోబెడతారు. ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవుల గుత్తి పెడతారు. నేను చిన్నగా ఉన్నప్పుడు అది ఆట అనుకుని నా చేతిలో కూడా పెట్టమని అడిగాను. మా బాపు నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. నాకు జూన్‌లో కరీంనగర్‌లో ఇంటర్, హాస్టల్. ఈ మాట తెలిస్తే హాస్టల్ ఉండదు. సైకిల్ ఉండదు. నేనూ ఒక గుమ్మంలో కూర్చుని, వచ్చేపోయేవాళ్లను చూస్తూ పెద్దదాన్నవుతాను. ఇదంతా ఖాలాకు ఏడుస్తూ చెప్పాను.

ఆమె తొందరపడి ఓదార్చలేదు. ఇంకో పీట తెచ్చుకుని నా ముందర కూర్చుంది.

"మీ అత్తమ్మ కాలం వేరు. ఇప్పుడు గోలీలున్నయి."

"నీకెట్ల తెలుసు?"

"మా తమ్మునికి గిట్లనే ఉండె. నిలవడ్డ కాడనే నిలవడెటోడు. మా అమ్మీ ఎవ్వలికి చెప్పకుండ దాచింది."

"తర్వాత ఏమైంది?"

ఖాలా ఇంకో బేసిన్ నా ఒళ్లోకి తోసి, కొన్ని పల్లీలు పోసింది. "చేయి ఆపకు," అన్నది. నేను తిప్పాను. చాలాసేపు తిప్పాను. ఆమె తమ్ముడికి ఏమైందో ఆమె చెప్పలేదు, నేను మళ్లీ అడగలేదు.

ఆ రోజు మాకొక ఒప్పందం కుదిరింది. ఆమె ఎవరికీ చెప్పదు. చలి పోయేలోపు నేనే అవ్వకు చెప్పాలి. చెప్పేటప్పుడు ఆమె నా పక్కన కూర్చుంటుంది. తర్వాత ముగ్గురం మంచిర్యాలకు పెద్ద డాక్టరు దగ్గరికి పోతాం. గడ్డను నేను పగలగొట్టబోతే ఆపింది. ఒక స్టీలు డబ్బాలో పెట్టి మూత పెట్టింది.

"గిది గిట్లనే ఉండనీ. నువ్వు చెప్పిననాడు నేను, నువ్వు, మీ అవ్వ కూసోని రోకలిబండతోని పలగ్గొట్టుకుని తిందాం."

ఆ తర్వాత ప్రతి ఆదివారం నేను వెళ్లగానే ఆ డబ్బాను ఒకసారి ఊపేది. ఠక్‌మని ఒకటే దెబ్బ. "ఇంక ఉన్నది," అనేది. చెప్పావా అని ఒక్కసారి కూడా అడగలేదు. నేను వచ్చే ఆదివారం చెప్తాననుకునేదాన్ని. అట్లా ఐదు ఆదివారాలు పోయాయి. ఆరో ఆదివారానికి ముందు మంగళవారం వచ్చింది.

ఆ రోజు వాళ్లింటికి అవ్వతో వెళ్లాను. ఆడవాళ్లు లోపల ఆమెకు స్నానం చేయిస్తున్నారు. పరదా అవతల నీళ్లు పోసే చప్పుడు, కర్పూరం వాసన. ఆమె జీవితమంతా అన్నింటినీ కడిగింది. చాక్లెట్ పనిలో మాత్రం నీళ్లు ముట్టకుండా చేతులు కట్టేసుకున్నట్టు కూర్చునేది. ఆ చప్పుడు వింటుంటే నాకు ఎందుకో అదే గుర్తొచ్చింది. తర్వాత మగవాళ్లు ఆమెను తీసుకుపోయారు. మా వరుసలో ఎనిమిది క్వార్టర్లుంటే మూడింట్లోనే మనుషులున్నారు. మిగతావాటికి తలుపులు కూడా లేవు. ఆ ఖాళీ ఇళ్ల ముందు నుంచే వాళ్లు నడిచి, మలుపు తిరిగారు.

మూడో రోజు ప్రార్థనలకు, వాళ్లు జియారత్ అంటారు, మళ్లీ వెళ్లాం. సుల్తానాబాద్ నుంచి వచ్చిన ఖాలా కూతురు నన్ను చూసి లేచింది. లోపలికి పోయి ఆ స్టీలు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"అమ్మీ నీ గురించి చెప్పింది చెల్లె," అన్నది.

అవ్వ నా పక్కనే ఉంది.

"ఏం చెప్పింది?" అని అవ్వ అడిగింది.

"పోయినసారి నేనొచ్చినప్పుడు లడ్డూలనుకుని మూత తియ్యబోయిన. చేతి మీద ఒక్కటి వేసింది. గది ఇంగ్లీషు మేడంది, ముట్టకు అన్నది. నాకన్న ఈ పిల్లనే ఎక్కువైందని కొట్లాడిన కూడ." నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గంతేనా? ఇంకేం చెప్పలేదా?"

"గంతే అక్క. ఈ పిల్ల చేయి మంచిదన్నది."

ఖాలా మాట నిలబెట్టుకుంది. కన్న కూతురికి కూడా చెప్పలేదు. నాకు ఊపిరి తిరిగిరావాలి. కానీ అప్పుడు నాకు తెలిసింది వేరే సంగతి. ఆమె మాట తప్పి ఉంటే బాగుండునని నేను ఎదురుచూశాను. ఆ ఒక్క నిమిషం, అవ్వ అడిగిన ఆ నిమిషం, ఎవరో నా బదులు చెప్పేస్తారని నాలో ఏదో లేచి నిలబడింది. గంతే అక్క అనగానే అది కూర్చుండిపోయింది. ఇప్పుడు ఈ ఊళ్లో నా సంగతి తెలిసిన మనిషి ఒక్కరూ లేరు.

పోయిన వారం రైలు గేటు దగ్గర సైకిల్ పట్టుకుని నిలబడ్డాను. గేటు పడి ఉంది. మళ్లీ చూసేసరికి గేటు లేచి ఉంది. నేను పట్టాల మధ్యలో ఉన్నాను, సైకిల్ పక్కన పడి ఉంది, వెనక బొగ్గు లారీ హారన్ కొడుతోంది. అక్కడి దాకా ఎట్లా నడిచానో నాకు తెలియదు. లారీ డ్రైవర్ కిటికీలోంచి, "చెవులు ఇంట్ల పెట్టొచ్చినవా?" అని అరిచిండు. అది తొమ్మిదోది. ఖాలా తమ్ముడికి ఏమైందో ఆమె ఎందుకు చెప్పలేదో నాకు ఆ పట్టాల మీద అర్థమైంది.

ఇంటికొచ్చి చెప్పాలనే అనుకున్నాను. అవ్వ బియ్యం ఏరుతోంది. పక్కన కూర్చున్నాను. "ఏందే, మొఖం గట్ల పెట్టినవ్? పరీక్షల ఫికరా?" అన్నది. అవునన్నాను. "నువ్వు పాసు కాకుంటే ఇంకెవలైతరు," అని నా తల నిమిరింది. ఆ చేయి అట్లనే ఉండాలని నోరు మూసుకున్నాను. గోడ అవతల చప్పుడు లేదు. పక్కన కూర్చుంటానన్న మనిషి లేదు. నా ఒక్కదానికి ఆ మాట రాదు. ఎన్నిసార్లు ప్రయత్నించినా రావడం లేదు.

తెలుగులో ఎందుకు రాశానో ఇప్పుడు చెప్తాను. అవ్వ ఐదో తరగతి చదివింది. ఆదివారం పేపర్లో అన్నింటికంటే ముందు చనిపోయినవాళ్ల గురించి రాసింది చదువుతుంది. ముఖం తెలియని మనుషుల కోసం కళ్లు తుడుచుకుంటుంది. నా నోట్‌బుక్ ఆమె చదవలేదు. ఇది చదవగలదు. నా పేరు పెట్టలేదు. అయినా బేసిన్ అనగానే, రోకలిబండ అనగానే ఆమెకు తెలుస్తుంది. అసలు మీరు దీన్ని మీ పేపర్లో వేస్తారో లేదో నాకు తెలియదు.

అందుకని ఇంకొకటి కూడా చేశాను. ఖాలా డబ్బాను మా వంటింటి అరలో, పల్లీల డబ్బా పక్కన పెట్టాను. అవ్వకు ఒక అలవాటుంది. ఏ డబ్బా అయినా మూత తీయదు, ముందు చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తుంది, ఎంత మిగిలిందో అని. పల్లీలు, శనగలు, కందిపప్పు, అన్నీ గలగలమంటాయి. ఇదొక్కటే ఠక్‌మంటుంది, ఇదేందని నన్ను అడగాలి. రోజూ స్కూలు నుంచి వచ్చి ముందు గదిలో పుస్తకం తెరిచి కూర్చుంటాను. అక్షరాలు చూడను. వంటింట్లో చప్పుడు వింటాను.

ఎండలు మొదలయ్యాయి. నిన్న అవ్వ లేనప్పుడు నేనే ఆ డబ్బా తీసి ఊపాను. ఠక్‌మనలేదు. లోపల ఏదో మెత్తగా కదిలి, ఆగింది. ఇంకో నాలుగు రోజులు పోతే గడ్డ కరిగి అడుగుకు అతుక్కుంటుంది. నా వేళ్ల గుర్తులు కూడా పోతాయి. ఆ తర్వాత ఎవరు ఊపినా ఆ డబ్బా ఖాళీదే అనుకుంటారు.